మాడుగుల కొండల నల్లతోక

శ్రావణం వచ్చేసరికి చోడవరం మేడల మీంచి చూస్తే కొండలు కనపడవు. మబ్బు దిగొచ్చి మాడుగుల మీద కూర్చుంటుంది. గోవాడ చెరకు తోటలు తలలు వాల్చి తడుస్తాయి. వడ్డాది దగ్గర పెద్దేరు ఎర్రనీళ్ళతో పోటెత్తుతుంది. ఆ ఎరుపు మన పల్లపు చేలది కాదు, పైన పాడేరు గట్లది. ఏటి రంగు చూసి ఏ కొండ మీద వాన పడిందో చెప్పగల రైతులు మా వైపు ఇంకా ఉన్నారు. ఆ నీటికి ఎదురు నడిచి, ఏరు గెడ్డయ్యేదాకా, గెడ్డ ఊటయ్యేదాకా ఎక్కి, అడ్డాకు తీగలు మానుకీ మానుకీ ముడివేసిన చోట నిలబడితే, అది నీ వాకిలి.

కణుజూ, ఈ అడవికి పెద్దదిక్కువి, నీకు దండం.

మన దేశపు జింకల్లో నీ అంత ఒడ్డూ పొడవూ మరి దేనికీ లేదు. పోతు కణుజు రెండు వందల కిలోలు దాటి తూగుతుంది. అంత ఒళ్ళు మోస్తూ వెదురుపొదలోంచి చప్పుడు లేకుండా ఎలా జారిపోతావో కొండ మీద పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఆశ్చర్యంగానే చెబుతారు. చుక్కల దుప్పికి మంద కావాలి, పచ్చికబయలు కావాలి. నీకు ఒంటరితనం చాలు, నీడ చాలు, నీళ్ళు చాలు. నీ ఒంటి మీద చుక్క లేదు, చార లేదు. వానకు నానిన మద్దిమాను బెరడు రంగే నీ రంగు. చెట్టు పక్కన నిలిచావంటే చెట్టే. వేసవి ముదిరేలోగా కొమ్ములు రాల్చేస్తావు. తొలకరితో మళ్ళీ మొలకెత్తిస్తావు. వానలన్నాళ్ళూ వాటి మీద నెత్తురు పారే మెత్తని తోలు ఉంటుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుందట. చలి తగిలే వేళకు ఆ తోలును మానులకు రాసి రాసి ఒలుచుకుంటావు. ఒక్కో కొమ్ముకు మూడు మొనలు. రాలిన కొమ్మును అడవి వృథా పోనివ్వదు. ముళ్ళపంది కొరుకుతుంది, నువ్వూ కొరుకుతావు, అందులోని సున్నం తిరిగి ఒంట్లోకి చేరుతుంది.

ఇక నీ తోక. పైన నలుపు, కింద తెలుపు. మేత మేస్తున్నంతసేపూ నలుపే కనపడుతుంది. అనుమానం తగిలిన క్షణాన అది నిటారుగా లేస్తుంది, అడుగున దాచిన తెలుపు బయటపడుతుంది, ముందుకాలు నేలను ఒక్కటి తన్నుతుంది, గొంతులోంచి ఢాంక్ మని ఒక మోత లేస్తుంది. ఆ మోతకు లోయంతా మేలుకుంటుంది. కోతులు కొమ్మలెక్కుతాయి. కుక్కలా మొరిగే చిన్న జింక ఎక్కడో పొదలోంచి అందుకుంటుంది. చిరుతకు ఆ పూట పస్తు ఖాయమవుతుంది.

నల్లతోక పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న జింక ఒకటి భూగోళానికి అవతలి ఒడ్డున ఉంది. ఉత్తర కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా, పసిఫిక్ సముద్రపు వాన ఏడాదిలో సగం రోజులు తడిపే దేవదారు అడవుల్లో తిరుగుతుంది. మన చోడవరం, అనకాపల్లి పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన సియాటిల్ చుట్టుపక్కల అది పెరట్లోకే వచ్చి గులాబీ చిగుళ్ళు తింటుంది. అక్కడ దాన్ని వేటాడతారు. లైసెన్సు ఉంటుంది, ఒక్కో జంతువుకు ఒక్కో చీటీ ఉంటుంది, ఆకురాలు కాలంలో ఇన్ని రోజులని గడువు ఉంటుంది. ఆ వేటగాళ్ళు రాసుకున్నవి చదివినప్పుడల్లా నాకు మన కొండలే కళ్ళముందు కదిలాయి. తడిసిన ఆకు అడుగు చప్పుడును మింగేస్తుందని వాళ్ళూ అంటారు. పొగమంచులో కళ్ళ కంటే ముక్కును, చెవిని నమ్మాలని వాళ్ళూ అంటారు. రెండు సముద్రాల ఎడం ఉన్న మనుషులకు ఒకే పాఠం చెప్పిన గురువు వాన.

ఆ పాఠం నేను విన్నది మాడుగుల పైన ఒక ఊళ్ళో, ఒక తాత నోట. కుర్రతనంలో విల్లు పట్టిన మనిషి. ఇప్పుడు కాఫీ తోట చూసుకుంటాడు. సిల్వర్ ఓక్ మానుకు పాకిన మిరియపు తీగను సవరిస్తూ, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"ముందు గాలి సూడాల బాబూ. జాడ తరవాత. గాలి నీ ఈపు మీంచి ఎల్తాదనుకో, నువ్వు ఇంట్లోంచి బయల్దేరినప్పుడే దానికి కబురెల్లిపోతాది."

"వానలో గాలి తెలిసేదెలా తాతా?"

"సెవులున్నాయి కదేటి. తడిసిన సెవుల్లో ఏది ముందు సల్లబడితే గాలి అటేపునించొస్తంది."

ఆ తర్వాత జాడ. గెడ్డ పక్క బురదలో ఒక గొరిజ గుర్తు చూపించాడు. రెండు చీలికలు, మొనలు ముందుకు, లోతుగా దిగి ఉంది. అందులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆయన వంగి చాలాసేపు ఆ నీటినే చూశాడు. నిలిచిన నీరు ఇంకా బురదగా కదులుతుంటే కణుజు ఇప్పుడే దాటినట్టు. తేటపడి అడుగున మట్టి పేరుకుంటే వెళ్ళి చాలాసేపయినట్టు. గుర్తు అంచులు కరిగి, లోపల చినుకు గుంటలు పడితే అది వానకు ముందటి నడక. చీలికలు విచ్చుకుని మట్టి ముందుకు చిమ్మితే పరుగు. దగ్గరదగ్గరగా, కుదురుగా పడితే మేత. గుర్తు పక్కన తెగిన చిగురు కాడ నుంచి పాలు ఇంకా కారుతుంటే అడుగు తీసి అడుగు వేయకూడదు, ఉన్నచోటే ఉండిపోవాలి. ఆ వేళ మేం చూసిన గుర్తులో నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఒక ఉసిరికాయ తొక్కబడి ఉంది. ఉసిరి నీకు ప్రాణం. రాలిన కాయలన్నీ ఏరుకు తిని, గింజల్ని ఇంకో గట్టున వదులుతావు. ఈ కొండల మీద ఉసిరి చెట్లు ఎవరు నాటారని అడిగితే నీ పేరే చెప్పాలి.

ఎండాకాలపు అడవిలో నడిస్తే ఎండుటాకు మనిషిని నాలుగు దిక్కులా చాటేస్తుంది. వానాకాలపు అడవి అలా కాదు. ఆకు మెత్తబడుతుంది, పుల్ల విరిగినా పలకదు. వేటగాడి అడుగు వినపడదు. కానీ కొమ్మకొమ్మ నుంచీ జారే చినుకుల హోరులో కణుజు కదలికా వినపడదు. వాన ఇద్దరి చెవులూ ఒకేసారి మూస్తుంది. ఎవరి మీదా దానికి పక్షపాతం లేదు. అందుకే వాన కురిసేటప్పుడు కాక వెలిసిన మరుక్షణం కోసం చూడమంటాడు తాత. వాన ఆగినా చెట్లు ఇంకా కురుస్తూనే ఉంటాయి. ఒంటి మీద టపటప పడే ఆ ఆకునీటి చినుకులు కణుజుకు విసుగు. గుబురు వదిలి గెడ్డ అంచుకో, పోడు చేను అంచుకో వచ్చి నిలబడుతుంది. ఒళ్ళు విదిలిస్తుంది. చెవులు తిప్పుతుంది. ఆ కాసేపు కోసం పొద్దుట నుంచి మాటు వేసి, జోరీగలు కుడుతున్నా చెయ్యి ఎత్తకుండా, దగ్గు వస్తే గొంతులోనే అణుచుకుని, తడి బట్ట ఒంటి మీదే ఆరి మళ్ళీ తడిసేదాకా కూర్చున్న మనిషిని తలుచుకోండి. నాకు ఆ మనిషి మీద గౌరవం. ఆయన చెప్పిన వేటలో బాణం వదిలే భాగం ఒక్క రెప్పపాటు. మిగతాదంతా చూడటం, వినటం, కదలకుండా ఉండటం. ఇంత శ్రద్ధగా ఈ అడవిని చదివిన చదువు మరొకటి నాకు తెలియదు.

ఏటా చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. పాడేరు, హుకుంపేట, అరకు, అనంతగిరి, ఎటు చూసినా పండగే. భగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, ఎవరి ఊరి ఆచారం వారిది, అయినా నడుమ నడిచే దారం ఒకటే. ముందు విత్తనాలను తెచ్చి ఊరి దేవర దగ్గర, శంకుదేవుడి దగ్గర పెట్టి పూజిస్తారు. ఆ పూజ పొందిన గింజ కలవనిదే కొత్త ఏటి విత్తు నేలలో పడదు. తర్వాత మగవాళ్ళు విల్లంబులు, ఈటెలు, గొడ్డళ్ళు పట్టుకుని, కుక్కల్ని వెంటేసుకుని అడవికి వెళ్తారు. ఊళ్ళో ఆడవాళ్ళు థింసా ఆడతారు. కిరిడి మోగుతుంది, తుడుము మోగుతుంది, మోరి పాడుతుంది. రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ళను ఆపి, పాట పాడి, పండగ మామూలు అడుగుతారు. ఆ దారిన వెళ్ళే పల్లపువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. వేట దొరక్క వట్టిచేతులతో వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడ కొట్టడం పాత ఆచారం. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో చైత్ర వేట ప్రస్తావన ఉంది, పేడ ప్రస్తావనా ఉంది. దొరికిన నాడు మాత్రం పొయ్యి వెలిగే ప్రతి ఇంటికీ వాటా. వేటకు వెళ్ళలేని ముసలివాళ్ళ ఇంటికీ వాటా. తాత ఈ మాట చెప్పేటప్పుడు గొంతు పెంచాడు. "ఒక్కడే తింటే అది దొంగతనం బాబూ, ఏట కాదు."

వేట, విత్తు ఒకే పండగలో ఎలా కూర్చున్నాయో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. అడవి నుంచి ఒక ప్రాణం తీసుకునే రోజునే నేలకు గింజను అప్పగించడానికి దేవుడి అనుమతి అడగటం. తీసుకోవటాన్నీ ఇవ్వటాన్నీ విడదీయని మనసు అది. పల్లపు పండగల్లో నాకు ఇంత లోతైన పూజ కనపడలేదు.

రాజుల వేట వేరు. మన పురాణాలు, కావ్యాలు వేట కథ చెప్పినప్పుడు తరచూ దానికి ఒక వెల కట్టాయి, లేదా బాణాన్ని ఆపాయి. లేళ్ళ జంట మీద పాండురాజు వేసిన బాణం జింక రూపంలో ఉన్న మునికి తగిలింది, ఆ శాపం ఆయన ప్రాణమే తీసింది. బంగారు జింక వెంట రాముడు వెళ్ళాడు, పర్ణశాల ఖాళీ అయింది. దుష్యంతుడు ఎక్కుపెట్టిన బాణాన్ని ఆశ్రమ మృగమంటూ మునులు ఆపారు. బోయవాడు పాదాన్ని లేడి అనుకుని కొట్టిన దెబ్బతో కృష్ణావతారమే ముగిసింది. రాయల కాలంలో పెద్దన రాసిన మనుచరిత్రలో వేటకు వెళ్ళిన స్వరోచిని ఒక లేడి మాటాడి ఆపింది. కౌగిలిస్తే వనదేవత అయింది. వాళ్ళ బిడ్డ స్వారోచిషుడే ఒక మన్వంతరాన్ని ఏలాడు. ఇన్ని కథల్లో శాపం లేకుండా దేవుణ్ణి చేరిన వేటగాడు శ్రీకాళహస్తి తిన్నడు. ఆయన వేటాడి తెచ్చింది ముందు తను రుచి చూసి, బాగున్న ముక్కను శివుడికి పెట్టాడు. పంచుకున్నాడు. కొండ మీద తాత చెప్పిన న్యాయమూ అదే.

ఈ కొండల్లో వేట నేర్పిన విద్య ఒకప్పుడు చరిత్ర మలుపులోనూ నిలబడింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు సొత్తు చేసింది. పోడు కొట్టడం, కట్టె ఏరడం, పశువును మేపడం తప్పులైపోయాయి. నలభై ఏళ్ళ తర్వాత, 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు అల్లూరి సీతారామరాజు దళానికి లొంగిపోయాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు మాటుకు చిక్కి చనిపోయారు. ఎక్కడ కదలాలో, ఎక్కడ కదలకూడదో, ఆకు మాటున ఎంతసేపు ఊపిరి బిగబట్టాలో గాం గంటందొర, మల్లుదొర వెంట నడిచిన కుర్రాళ్ళకు పలటన్లు నేర్పలేదు. అడవి నేర్పింది. కణుజూ, నువ్వు నేర్పావు.

ఆ తర్వాతి కథ నీకు బాధాకరం. దివాణాల గోడలకు, బంగళాల వరండాలకు నీ కొమ్ములు ఎక్కాయి. నాటు తుపాకులు వచ్చాయి. రాత్రిపూట దీపపు కాంతి కళ్ళలో పడితే నువ్వు నిలబడిపోతావన్న సంగతి తెలిసినవాళ్ళు బళ్ళమీద వచ్చారు. దానికి గాలి చూడక్కర్లేదు, జాడ చదవక్కర్లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా ముగిసింది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుడికి పోడు భూమి మీద, అడవి ఫలసాయం మీద హక్కు రాసిచ్చింది గానీ, వేటను పేరు పెట్టి మినహాయించింది. ఆ మినహాయింపు సరైనదే అని నేను నమ్ముతాను. ఐయూసీఎన్ ఎర్రజాబితాలో నువ్వు ముప్పున్న జీవుల వరసలో ఉన్నావు. చైత్రంలో ప్రతి ఊరూ అడవికి వెళ్తే తట్టుకునేంత అడవి ఇప్పుడు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో అనంతగిరి, అరకు గట్ల మీద మానుల్ని పడగొట్టి వెళ్ళింది. తుపాను పడగొట్టింది కొంతయినా మళ్ళీ మొలిచింది. మనిషి కొట్టినచోట అదీ లేదు.

కానీ ఒక మాట చెప్పకపోతే ఈ స్తుతి అబద్ధమవుతుంది. నిన్ను పలచన చేసింది చైత్రపు విల్లు కాదు. పంచుకు తినే ఊరు ఏడాదికోసారి తీసుకున్న ప్రాణం వల్ల అడవి తరగలేదు. తరిగింది ఉచ్చుల వల్ల. బైకు క్లచ్ వైరును కాలిబాటకు అడ్డంగా బిగించి ఇంటికి వెళ్ళిపోతాడు ఒకడు. అది రాత్రంతా తన పని చేస్తుంది. దానికి పోతు తెలియదు, చూలు తెలియదు, కూన తెలియదు. పంది కోసమని చేను చుట్టూ కరెంటు తీగ వదులుతాడు ఇంకొకడు. దాని మీద కణుజు పడుతుంది, మేకలు కాసే పిల్లవాడూ పడతాడు. ఆ ఉచ్చు వెనక ఒక బేరం ఉంది, ఆ బేరం వెనక పల్లపు కోరిక ఉంది. కొండ మీంచి పొట్లం కట్టుకుని దిగే మాంసం ఆగేది కొండ మీద కాదు, మన పట్నాల్లో. కొనేవాడు పల్లంలో ఉంటాడు, జైలుకు వెళ్ళేవాడు కొండ మీద ఉంటాడు. ఈ అన్యాయం నాకు మింగుడుపడదు.

నువ్వు లేకపోతే ఏమవుతుందో 2022లో మాకు తెలిసొచ్చింది. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన పులి ఒకటి అనకాపల్లి జిల్లా పల్లెల్లో రోజుల తరబడి తిరిగింది. పశువుల్ని చంపింది. సాయంత్రం అయితే తలుపులు వేసుకున్నారు జనం. అడవి నిండా కణుజులుంటే పులికి ఆవుతో పనేముంది? అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, పైకొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. పెద్దేరు ఆ గీత దాటే వస్తోంది. పైన చెట్టు నిలబడి, చెట్టు కింద నువ్వు తిరిగితేనే కింద కోనాం, రైవాడ జలాశయాలకు నీరు, చెరకుకు తడి, విశాఖపట్నానికి తాగునీరు.

ప్రాణిని ముట్టకుండా పూజించడం ఈ కొండలకు కొత్తేమీ కాదు. హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. ఏటి మడుగులో చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. శివరాత్రికి వేల మంది వస్తారు, మరమరాలు వేస్తారు, చేపలు చేతి దగ్గరకు వస్తాయి. ఎవరూ గాలం వేయరు. ఆ నీళ్ళ కాపలాకు గార్డు అక్కర్లేదు, నమ్మకం చాలు. చేపకు దొరికిన ఆ నమ్మకం నీకూ దొరకాలని నా కోరిక. అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ గ్రామసభకూ వన్యప్రాణులను కాపాడే అధికారం ఇచ్చింది. జాడ చదివే కన్ను, గాలి పట్టే చెవి, ఎక్కడ నీళ్ళు తాగుతావో ఎక్కడ ఈనుతావో తెలిసిన తల, ఇవన్నీ ఉన్న ఆఖరి తరం ఇప్పుడు కాఫీ తోటల్లో మిరియాలు ఏరుకుంటోంది. ఆ తాతలకు జీతం ఇచ్చి, కుర్రాళ్ళను వెంట పంపి, ఉచ్చులు ఏరించడానికి, గుర్తులు లెక్కపెట్టించడానికి పెట్టుకుంటే ఈ కొండల్లో వాళ్ళను మించిన అటవీశాఖ ఉండదు. చైత్రంలో విల్లు పట్టి అడవికి వెళ్ళనీయండి. జాడ తీయనీయండి, మాటు వేయనీయండి, వెలిసిన వానలో గెడ్డ అంచున నిన్ను చూడనీయండి. బాణం ఒక్కటి అంబులపొదిలోనే ఉంటే చాలు. విత్తనాల పూజ ఎలాగూ ఊళ్ళో జరుగుతుంది.

ఏడాది కిందటి వానల్లో తాతను మళ్ళీ అడిగాను, బాణం వేయకుండా ఎంత దగ్గరకు వెళ్ళగలవని. ఆయన కాఫీ మొక్క వదిలి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఎదురుగా ఉన్న పనసమాను చూపించాడు. "అంత దగ్గరికి. దాని కంటి రెప్పెంట్రుకలు లెక్కెట్టొచ్చు. ఒక పాలి తల్లి, కూనా వొచ్చినాయి. కూన నన్ను సూసింది. తల్లి సూణ్ణేదు." విల్లు చేతిలోనే ఉందా అని అడిగాను. ఉందన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

చోడవరం, మాడుగుల, అనకాపల్లి, విశాఖపట్నం వాళ్ళకు నేను చెప్పుకునే మాట ఒక్కటే. పాడేరు వెళ్తే మోదకొండమ్మను చూడండి, కాఫీ కొనుక్కోండి, బొంగులో కోడి తినండి. కణుజు మాంసం దొరుకుతుందా అని మాత్రం ఏ హోటల్లోనూ, ఏ డ్రైవర్నీ, ఏ చుట్టాన్నీ అడగకండి. ఎవరైనా తెచ్చి పెడితే విస్తరి ముందునుంచి లేవండి, కొననని చెప్పండి, ఆ మాట పదిమందిలో చెప్పండి. మనం అడగటం మానేసిన రోజున కొండ మీద ఉచ్చు బిగించే చెయ్యికి పని ఉండదు.